67 హెర్ట్జ్‌తో కాపురం

మా ఇంటికి వచ్చి పాట విన్నవాళ్లు మొదట అడిగేది స్పీకర్ల ధర, తరవాత ఆంప్లిఫయర్ ధర. గది పొడవెంత అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పే అలవాటు ఇంకా పోలేదు. పొడవు 17 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. విశాఖపట్నం పెదవాల్తేరులో పాత డాబా ఇల్లు. ఇటుక గోడలు, సిమెంటు పూత, నేల మీద నిగనిగలాడే టైల్స్. నేను కొన్న పరికరాలన్నిటి మీదా ఈ మూడు అంకెలదే పెత్తనం.

సామాను సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే చదివేవాళ్ల మనసు అక్కడే తచ్చాడుతుంది. స్పీకర్లు హార్బెత్ కంపాక్ట్ 7. ఆంప్లిఫయర్ ఏబీ క్లాసు, చానల్‌కు 60 వాట్లు. రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200జీఆర్, దానికి డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్, అంటే సూది కదలికను కరెంటుగా మార్చే ముక్క. కార్ట్రిడ్జ్ ఇచ్చే చిన్న సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీ-ఆంప్ ఒకటి, ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చే స్ట్రీమర్ ఒకటి, ఆ డిజిటల్ అంకెలను పాటగా మార్చే డాక్ (డీఏసీ) ఒకటి. పదవీ విరమణ డబ్బులో చెప్పుకోదగ్గ ముక్క ఇందులోకి వెళ్లింది. మా ఆయన దీనికి "గ్రాట్యుటీ గానకచేరీ" అని పేరు పెట్టారు. పెడితే పెట్టారు, సాయంత్రం ఆరయ్యేసరికి ముందు వచ్చి కూర్చునేది ఆయనే.

హార్బెత్‌నే ఎందుకు తీసుకున్నానంటే, నేను వినేది ఎక్కువగా గొంతు, వీణ, వయొలిన్. ఆ కంపెనీ పెట్టిన డడ్లీ హార్వుడ్ బీబీసీ పరిశోధన విభాగంలో పనిచేసి, 1977లో సొంతంగా స్పీకర్లు చేయడం మొదలుపెట్టాడు. బీబీసీ ఇంజినీర్లు స్పీకర్‌ను పరీక్షించే తీరు నాకు భలే నచ్చింది. స్టూడియోలో మనిషి మాట్లాడుతుంటే ఈవలి గదిలో స్పీకర్ ద్వారా వినేవాళ్లు. లేచి వెళ్లి అదే మనిషి గొంతును నేరుగా వినేవాళ్లు. రెండిటికీ తేడా ఎక్కడుందో పట్టుకునేవాళ్లు. తల్లి గొంతు ఫోనులో జలుబు చేసినట్టుంటే పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది కదా, గొంతు విషయంలో చెవిని మోసం చేయడం కష్టం. ఆ స్పీకర్ల పెట్టె కూడా వేరే పద్ధతిలో ఉంటుంది. చాలామంది తయారీదారులు పెట్టెను వీలైనంత బరువుగా, కదలకుండా చేయాలని చూస్తారు. వీళ్లు పలకలు పలుచగా ఉంచి, లోపల అదురును మింగే పొర అంటిస్తారు. పెట్టె అదురుతుంది, కానీ గొంతు ఉండే మేరలో కాకుండా కిందెక్కడో, అదీ నెమ్మదిగా అదురుతుంది.

వాట్ల గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. ఈ స్పీకర్‌కు ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో మోత 86 డెసిబెల్స్. నా కుర్చీ స్పీకర్లకు దాదాపు మూడు మీటర్ల దూరం. దూరానికి తగ్గేది తీసేసి, రెండు స్పీకర్లు ఉన్నందుకు, గది తిప్పికొట్టినందుకు కలిపితే ఒక వాట్‌కు కుర్చీ దగ్గర 80కి కాస్త పైన వస్తుంది. నేను వినే సగటు మోత 75. అంటే మామూలుగా నేను వాడేది వాట్‌లో మూడో వంతు. మృదంగం తని ఆవర్తనంలో ఒక్కసారిగా లేచే దెబ్బలకు మిగతా వాట్లు కావాలి, అందుకు 60 చాలు. 300 వాట్లు లేనిదే స్పీకర్లు "మేల్కోవు" అని చెప్పే అమ్మకందార్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. కాగితం వెనక్కి ఇచ్చేశారు.

ఏ క్లాసు ఆంప్లిఫయర్లు కూడా విన్నాను. గొంతులో ఆ నునుపు నిజమే, కాదనను. కానీ పాట లేనప్పుడు కూడా వందల వాట్లు వేడిగా వదిలే పెట్టెను మే నెలలో విశాఖలో పెట్టుకుని, దాన్ని చల్లబరచడానికి ఏసీని గట్టిగా తిప్పి, ఆ ఏసీ చప్పుడులో నునుపు వెతుక్కోవడం నా వల్ల కాదు.

ఇక గది. సామాను రాకముందు ఖాళీ గదిలో నిలబడి చప్పట్లు కొడితే చప్పుడు గోడల మధ్య టకటకా పరుగెత్తి, పైకప్పు దగ్గర గింగిరాలు తిరిగి, అప్పుడు పోయేది. ఇలాంటి గదికి మందు కనిపెట్టినవాడు వాలెస్ సాబిన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ ఆర్ట్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఒక్క మాట అయిదు సెకన్లకు పైగా మోగుతూ ఉండేదట. అంటే అధ్యాపకుడు వాక్యం పూర్తి చేసేసరికి దాని మొదటి మాట ఇంకా గాలిలోనే ఉంటుంది. కుర్ర భౌతికశాస్త్రవేత్త సాబిన్‌కు దాన్ని బాగుచేసే పని అప్పగించారు. ఆయన రాత్రిళ్లు, ఊరు సద్దుమణిగాక, శాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఆ మందిరంలో పరిచి, ఆర్గన్ గొట్టం ఊది, ఆ చప్పుడు ఎంతసేపటికి చెవికి అందకుండా పోతుందో గడియారంతో కొలిచాడు. తెల్లారేసరికి మెత్తలు మళ్లీ థియేటర్‌కు చేర్చాలి. అలా పుట్టిందే మేము పాఠం చెప్పే సూత్రం: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చే మొత్తంతో భాగించండి, మోత నిలిచే కాలం సెకన్లలో వస్తుంది.

మా గది 58 ఘనపు మీటర్లు. నున్నటి సిమెంటు పూత, టైల్స్ తమ మీద పడ్డ శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లే పీలుస్తాయి. లెక్క వేస్తే ఖాళీ గదికి మూడు సెకన్లు. పాట వినడానికి అర సెకను దగ్గర ఉంటే బాగుంటుంది. అంటే పీల్చే సామాను ఆరింతలు పెరగాలి. ఏలూరు కార్పెట్ ఒకటి స్పీకర్లకూ కుర్చీకీ మధ్య పరిచాను. కిటికీలకు మందపాటి తెరలు, వెనక గోడకు పుస్తకాల బీరువా. మిగతా పని రాక్‌వూల్, అంటే రాతి పీచు, పలకలది.

పలకలు కొనలేదు, చేయించాను. రెండడుగులకు నాలుగడుగుల చెక్క చట్రం, అందులో నాలుగంగుళాల మందం రాక్‌వూల్, పైన గుడ్డ. చేతికి తొడుగులు లేకుండా రాక్‌వూల్ ముట్టుకుంటే ఆ దురద రెండు రోజులు ఉంటుంది. వడ్రంగి పెద్దాయన కొలతలు రాసుకుని, "అమ్మా, గోడకు పరుపులు కట్టించుకునేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. గుడ్డ దగ్గర కాస్త వాదన జరిగింది. నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, అదొక్కటే నియమం. రెక్సిన్ వేస్తే తుడుచుకోవడం తేలికని ఆయన, రెక్సిన్ వేస్తే శబ్దం గుమ్మంలోనే ఆగిపోతుందని నేను. పొందూరు ఖాదీ కట్టిద్దామా అని ఒక క్షణం ఆశ పుట్టింది కానీ, అంత సన్న నూలు రాతి పీచుకు కట్టబెట్టడానికి మనసు ఒప్పలేదు. మామూలు నేత గుడ్డే వేయించాను. గోడకు ఆనించకుండా మూడంగుళాల ఖాళీ వదిలి బిగించాలి. గోడను తాకే చోట గాలి కదలిక ఉండదు, కాస్త ఎడంగా ఉంటే పలక ఇంకా కింది స్వరాలను కూడా పట్టుకుంటుంది.

వాటిని ఎక్కడ బిగించాలో తెలుసుకోవడానికి అద్దం ఒకటి చాలు. నేను కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన గడ్డం గీసుకునే అద్దాన్ని పక్క గోడకు ఆనించి మెల్లగా జరుపుతూ వెళ్లారు. అద్దంలో స్పీకర్ కనిపించిన చోటల్లా పెన్సిల్ గీత. శబ్దం గోడకు తగిలి మొదటిసారి నా చెవికి వచ్చే దారి అదే. ఆ గీతల మీద పలకలు ఎక్కాక పాట స్పీకర్లను వదిలి బయటికి వచ్చింది. "ఇప్పుడు స్పీకర్లు మోగట్లేదు, పాట మోగుతోంది" అన్నారాయన. ముప్పయ్యేళ్ల కాపురంలో భౌతికశాస్త్రాన్ని ఆయన మెచ్చుకోవడం అరుదు కాబట్టి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఇంతా చేశాక అసలు మొండిఘటం బయటపడింది. కచేరీ రికార్డింగ్ ఏది పెట్టినా తంబూరా నాలుగు తీగల్లో ఒక్క తీగ, మంద్ర షడ్జం (అన్నిటికంటే కింది 'స'), గదంతా ఊదేసేది. మిగతా మూడూ శుభ్రంగా ఉండేవి. గాయకుడు నోరు తెరిచేలోగా మన ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి అదిమినట్టు ఉండేది. ఒకటి శ్రుతిలో పాడే మగవాళ్ల తంబూరాలో మంద్ర షడ్జం 65 హెర్ట్జ్, అంటే సెకనుకు 65 కంపనాల, దగ్గర ఉంటుంది, ఒకటిన్నర శ్రుతిలో 69. ఇప్పుడు గది లెక్క చూడండి. ఏసీ వేసిన గదిలో శబ్ద వేగం సెకనుకు 346 మీటర్లు. 17 అడుగులంటే 5.18 మీటర్లు. రెండు గోడల మధ్య నిలిచే మొదటి తరంగం 33 హెర్ట్జ్, రెండోది 67. ఒకటికీ ఒకటిన్నరకూ సరిగ్గా మధ్యన! ఈ పడమటి గది కట్టించినవాళ్లు మన సంగీతం మీద కసితో కట్టించారా అనిపించింది.

కొలిచి చూశాను. మినీడీఎస్‌పీ వాళ్ల యూమిక్-1 అనే చిన్న మైకు, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక లాప్‌టాప్. తెర మీద గీత 67 దగ్గర చుట్టుపక్కల కంటే 12 డెసిబెల్స్ ఎత్తు లేచి కూర్చుంది. మూలల్లో అటక మీది బూరుగుదూది పరుపులు చుట్టి నిలబెడితే పోతుందని ఒకరు సలహా ఇచ్చారు. పాత పరుపులకు పని దొరికిందని నేనూ నిలబెట్టాను. పై మేరలో ఉపయోగపడ్డాయి, 67 మాత్రం పెద్దగా కదల్లేదు, కదలదు కూడా. ఆ పౌనఃపున్యం దగ్గర పావు తరంగం నాలుగడుగుల పైచిలుకు. పీల్చే సామాను అంత మందం ఉంటేనే దాన్ని బాగా లొంగదీస్తుంది. అంత మందం పెడితే గదిలో మాకు చోటుండదు.

అయితే నిలిచిన తరంగానికి ఒక గుణం ఉంది: అది గదంతా ఒకేలా ఉండదు. 67 హెర్ట్జ్ తరంగం రెండు చివరి గోడల దగ్గరా, గది నట్టనడుమా ఉచ్ఛస్థాయిలో ఉంటుంది. గోడ నుంచి పొడవులో పావు వంతు దగ్గర దాదాపు సున్నా. మనవాళ్ల ఇళ్లలో సోఫా ఎక్కడుంటుంది? వెనక గోడకు అంటుకుని. మాదీ అంతే. అంటే ఆ తరంగం నోట్లోనే తల పెట్టుకుని కూర్చున్నామన్నమాట. సోఫా తీసేసి, కుర్చీని వెనక గోడ నుంచి ఒక్కొక్క అరడుగూ ముందుకు జరుపుతూ, ప్రతిచోటా తంబూరా వింటూ, మైకుతో కొలుస్తూ వచ్చాను. అయిదడుగుల దగ్గర ఆగాను. స్పీకర్లను కూడా ముందు గోడ నుంచి మూడడుగులు ఇవతలికి లాగాక ఆ గుట్ట 12 నుంచి 4 డెసిబెల్స్‌కు దిగింది. నాలుగు తీగలూ ఒకదాని తరవాత ఒకటి వరస తప్పకుండా వినిపించాయి. దీనికైన ఖర్చు కుర్చీ కాళ్ల కింద అంటించిన రబ్బరు బిళ్లలు.

మిగిలిన నాలుగు డెసిబెల్స్‌నూ డిజిటల్ ఈక్వలైజర్‌తో, అంటే ఎంచుకున్న స్వరాల మోతను మార్చే సాధనంతో, దించవచ్చు. స్ట్రీమర్ దారిలో వచ్చే పాటకు దించాను కూడా. రికార్డు దారికి మాత్రం వద్దనుకున్నాను. ఆ నాలుగు డెసిబెల్స్‌తో సర్దుకుపోతున్నాను, కాపురమన్నాక కొన్ని సర్దుకోవాలి.

కుర్చీ గది మధ్యకు రావడంతో ఇంట్లో చిన్న అలజడి. చుట్టాలు వచ్చినప్పుడు ఆ కుర్చీ చుట్టూ తిరిగి నడుస్తారు. మా ఆడపడుచు "వదినా, ఇది మంగలి కుర్చీలా ఉంది" అంది. సోఫా హాల్లోకి వెళ్లింది, కుర్చీ ఉన్నచోటే ఉంది.

సీలింగ్ ఫ్యాన్ గురించి విదేశీ పత్రికలు ఒక్క ముక్క రాయవు, వాళ్లకు ఆ అవసరం లేదు. మనకుంది. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ నిమిషానికి 200 చుట్లు తిరిగితే, మూడు రెక్కలు కాబట్టి సెకనుకు పది సార్లు శబ్దం దారిని కోస్తుంది. రెక్కకు తగిలి వచ్చేది ఒకసారి కలిసి, ఒకసారి కలవక, నిలిపిన స్వరంలో వణుకు పుడుతుంది. ఈమని శంకరశాస్త్రి గారి వీణ పెట్టుకుని వినండి. ఆయన తీగ లాగి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే చోట, ఫ్యాన్ తిరుగుతుంటే ఆయన వేయని గమకం ఒకటి అదనంగా వినిపిస్తుంది. ఫ్యాన్ ఆపి చూడండి, ఆ వణుకు పోయి జారు మాత్రం మిగులుతుంది. మేము పాటకు అరగంట ముందు ఏసీ వేసి గది చల్లబరిచి, తరవాత దాన్ని అతి నెమ్మది వేగానికి తగ్గిస్తాం. ఫ్యాన్ బంద్.

హమ్, అంటే పాట లేకపోయినా స్పీకర్లలో వచ్చే గుయ్‌మనే మోత, దాని కథ వేరు. డీఎల్-103 కార్ట్రిడ్జ్‌ను డెనాన్ వాళ్లు 1960ల మొదట్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం రూపొందించారు, ఇప్పటికీ తయారవుతోంది. అది ఇచ్చే వోల్టేజి 0.3 మిల్లీవోల్టులు, అంటే ఒక వోల్టులో మూడు వేల వంతు కంటే తక్కువ. దాన్ని వెయ్యి రెట్లకు పైగా పెంచితే గానీ ఆంప్లిఫయర్‌కు ఆనదు. పాటతోపాటు దారిన పోయే ప్రతి చెత్తా వెయ్యి రెట్లు పెరుగుతుంది. మొదటి రోజు సూది రికార్డు మీద పెట్టకముందే స్పీకర్లు గుయ్‌మన్నాయి.

ఇలాంటప్పుడు ఒక్కొక్క తీగా విప్పుకుంటూ పోవడం తప్ప అడ్డదారి లేదు. టర్న్‌టేబుల్‌ను ఆంప్లిఫయర్ పక్క నుంచి చేతుల్లోకి ఎత్తి రెండడుగులు జరిపితే మోత సగమైంది. ఆ సగం ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం కార్ట్రిడ్జ్ తీగచుట్టలో పుట్టించేది. కాబట్టి రెండిటికీ వేర్వేరు బల్లలు. మిగిలిన సగంలో గరగర కలిసి ఉంది. టీవీ సెట్‌టాప్ బాక్సు నుంచి ఆంప్లిఫయర్‌కు వచ్చే తీగ పీకితే అది పోయింది. వీధిలోంచి వచ్చే కేబుల్‌కు ఎక్కడో ఒక ఎర్త్, మన ఇంటికి ఒక ఎర్త్, రెండిటి మధ్య వోల్టేజి తేడా మన ఆడియో తీగ మీదుగా ప్రయాణం కట్టింది. అక్కడ ఆప్టికల్ తీగ వేశాను, అందులో వెలుగే పోతుంది, కరెంటు పారదు. అప్పటికీ సన్నగా ఏదో మిగిలింది. ప్లగ్గులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే 11 వోల్టులు చూపించింది. రెండు మూడు దాటకూడదు.

ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి, "ఎర్త్ పిన్ను తీసేస్తే గుయ్‌మనడం ఆగిపోతుంది మేడమ్" అన్నాడు. నిజమే, ఆగిపోతుంది. ఏదో ఒక రోజు లోపల తీగ ఊడి పెట్టెకు తగిలితే, వాల్యూమ్ తిప్పబోయినవాళ్ల ఊపిరి కూడా ఆగిపోతుంది. హమ్ పోగొట్టడానికి ఎర్త్ తీసేయమని ఎవరు చెప్పినా, ఎంత పేరున్నవాళ్లు చెప్పినా, వినకండి. పాత ఎర్త్ గుంట ఎక్కడుందో వెతికితే పెరటి గచ్చు కింద దొరికింది. గచ్చు చేసినప్పుడు దాన్ని మూసేశారు, ఏళ్లుగా చుక్క నీరు దిగలేదు. కొత్త గుంట ఎనిమిదడుగులు తవ్వించి, రాగి పలక దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయించి, నీళ్లు పోయడానికి పైన గొట్టం పెట్టించాం. భూనిరోధం 3 ఓములకు దిగింది, ఆ 11 ఒకటిన్నర అయింది. ఇప్పుడు వాల్యూమ్ సగం మీద ఉన్నా సూది ఎత్తి ఉంటే స్పీకర్ దగ్గర చెవి ఆనిస్తే తప్ప ఏమీ వినపడదు. ఎండాకాలంలో తులసికోటతోపాటు ఎర్త్ గుంటకూ నీళ్లు పోస్తున్నాం.

కార్ట్రిడ్జ్ బిగించడం అంటే నాకు ప్రయోగశాల రోజులు గుర్తొస్తాయి. కార్ట్రిడ్జ్‌ను పట్టి ఉంచే బరువైన హెడ్‌షెల్‌లో రెండు సన్న మరలు, వెనక నాలుగు రంగుల తీగలు: ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నీలం. సూది మొన హెడ్‌షెల్ వెనక అంచు నుంచి 52 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అద్దపు పలక మీద గళ్లు గీసి ఉంటాయి. ఆ గళ్ల మీద సూది దించి, దాన్ని మోసే అల్యూమినియం కాడ, అద్దంలో దాని నీడ, కింది గీత మూడూ ఒకే వరసలోకి వచ్చేదాకా మరను వెంట్రుకవాసి తిప్పాలి. మా ఆయన టార్చి పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. బరువు 2.5 గ్రాములు. చిన్న త్రాసు మీద 2.48 కనిపించేసరికి చాలన్నాను, ఆయన మాత్రం 2.50 వచ్చేదాకా కదల్లేదు.

టెక్నిక్స్ తీసుకున్నది కూడా కొలతల మీదే. పళ్లెం నేరుగా మోటారు మీద తిరుగుతుంది, క్వార్ట్జ్ వేగాన్ని పట్టి ఉంచుతుంది. వోల్టేజి పడినా లేచినా శ్రుతి మారదు. రబ్బరు బెల్టు లేదు, సముద్రపు గాలికి అది సాగుతుందన్న బెంగా లేదు.

ఇప్పుడు నా అసలు పరీక్ష. కొత్త సిస్టమ్ చూపించడానికి అందరూ గాజు పగిలే చప్పుడు, రైలు ఎడమ నుంచి కుడికి పోయే చప్పుడు పెడతారు. నేను 1950లనాటి ఘంటసాల గారి మోనో రికార్డు పెడతాను. మోనోలో రెండు స్పీకర్లకూ ఒకే సంకేతం వెళుతుంది. కాబట్టి గొంతు రెండు స్పీకర్లకూ నట్టనడుమ, ఏమీ లేని గాలిలో, ఒక మనిషి నోరంత వెడల్పులో నిలబడాలి. కాస్త పక్కకు జరిగినా, మేఘంలా పరుచుకున్నా, గదిలో ఏదో సమానంగా లేదని అర్థం. స్టీరియో రికార్డు ఆ లోపాన్ని తన వైభవంలో దాచేస్తుంది, మోనో దాచదు. మా గదిలో పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతు ఎడమకు జరిగేది. ఎడమ వైపు గాజు కిటికీ, కుడి వైపు చెక్క బీరువా. కిటికీ తెర పూర్తిగా మూసి, ఎడమ స్పీకర్‌ను కొంచెం లోపలికి తిప్పి, మళ్లీ వింటే కదలకుండా నిలబడింది. అంతేకాదు, ముందువెనకలు తెలిశాయి. ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో కొద్ది మైకుల చుట్టూ అందరూ ఉండి ఒకేసారి పాడి వాయించేవారు. గాయకుడు మైకుకు దగ్గర, వేణువు కాస్త దూరం, వయొలిన్లు ఇంకా వెనక. గది బాగుపడ్డాక మోనోలోనే ఆ దూరాలు వినిపిస్తాయి. పల్లవి చివర ఆయన గొంతు పెంచేటప్పుడు మైకు నుంచి తల కొద్దిగా వెనక్కి తీసుకోవడం కూడా పట్టుకోవచ్చు.

మోనో రికార్డుకు ఫోనో పెట్టెలో మోనో మీట నొక్కడం మరవకండి. ఆ గాడిలో పాట పక్కలకే రాసి ఉంటుంది, నిలువునా ఉన్నదంతా దుమ్మూ గీతలే. రెండు చానళ్లూ కలిపితే నిలువు కదలిక ఒకదానికొకటి రద్దయి, పాత రికార్డు చిటపటలో మంచి భాగం ఊరికే పోతుంది.

తీగల గురించి అడుగుతారని తెలుసు. నా స్పీకర్ తీగ ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, నాలుగు మీటర్లు. రానూ పోనూ నిరోధం 0.055 ఓము, ఆరు ఓముల స్పీకర్ ముందు నూటికి ఒక పాలు కూడా కాదు. లక్ష రూపాయల తీగ బాగుచేయగలిగేది ఆ ఒక్క పాలులో ఒక ముక్కే. ఈ ఊళ్లో తీగకు శత్రువు ఉప్పుగాలి. రాగి కొసలకు చిలుము పడుతుంది, బిగింపు వదులవుతుంది, గొంతు గరుకు తేలుతుంది. వానలకు ముందొకసారి, తరవాతొకసారి కొసలు కత్తిరించి కొత్త రాగి బయటపెడతాను, ప్లగ్గులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తాను. స్పీకర్ స్టాండ్లు గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించినవి, వాటికీ ఏటా రంగు వేయాల్సిందే. రికార్డుల అట్టలకు బూజు ఇంకో తలనొప్పి. బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టి, ఎండ తగలని చోట నిలువుగా పేర్చాను.

స్ట్రీమర్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, బాగా పనిచేస్తుంది. సీడీ స్థాయి అంటే సెకనుకు 44,100 నమూనాలు, 22 కిలోహెర్ట్జ్ దాకా పాట. నా చెవి ఈ వయసులో 11 కిలోహెర్ట్జ్ దగ్గర తలుపు మూసేస్తుంది. సెకనుకు 1,92,000 నమూనాల ఫైళ్లకు ఎక్కువ డబ్బు కట్టే ముందు ఆ పరీక్ష మీరూ ఒకసారి చేయించుకోండి.

ప్రస్తుతం నా పని మా నాన్నగారి 78ల మీద, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల మీద. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ ఎదురుగా కూర్చుని విన్న మనిషి ఆయన. పెట్టెలో ద్వారం వారి రికార్డులు కొన్ని పగలకుండా మిగిలాయి. ఇవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే కరుగుతాయి, డిస్టిల్డ్ నీళ్లు తప్ప మరేదీ తగలనివ్వకూడదు. ఎల్పీ సూది వీటికి పనికిరాదు. గాడి చాలా వెడల్పు, సూది అడుగుకు దిగి చెత్త తవ్వుతుంది. 75 మైక్రాన్ల మొన కావాలి. దాన్ని వేరే హెడ్‌షెల్‌కు బిగించి ఉంచుకున్నాను, జీఆర్‌కు 78 వేగం ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు. మిగిలింది ఈక్వలైజేషన్, అంటే రికార్డు చేసేటప్పుడు మార్చిన కింది, పై స్వరాల పాళ్లను వినేటప్పుడు మళ్లీ సరిచేయడం. ఆ పాళ్లను చూపే గీతే వక్రం. ఎల్పీలకు 1954 నుంచి ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) వక్రం ఒకటే ప్రమాణమైంది, అంతకుముందు ఎవరి వక్రం వాళ్లదే. నా ఫోనో పెట్టె ఆర్‌ఐఏఏ ఒక్కటే ఎరుగును, దానితో వింటే ద్వారం వారి కమాను ముసుగు కప్పుకున్నట్టుంది. వక్రాలు మార్చుకునే మీటలున్న పెట్టె ఒకటి ఆర్డరు చేశాను. మా ఆయన గ్రాట్యుటీ ఇంకా ఎంత మిగిలిందో లెక్క అడిగారు. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించలేదు.